మంట బయట... స్నానం లోపల!

గ్యాస్ గీజర్ పాడైతే కొత్తది తెచ్చి పాత మేకుకే తగిలించేస్తాం. చల్లటి పొద్దుట్లో చిటికెలో వేడినీళ్లిచ్చే ఆ పెట్టె, మూసిన గదిలో ఉంటే ప్రాణాలూ తీయగలదు. అందుకే గీజర్ మార్చేటప్పుడు కంపెనీ పేరు, ధర కంటే ముందు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి.

ధనుర్మాసం. బెల్లంకొండలో కోట ఉన్న కొండ మీద మంచు ఇంకా విడవలేదు. గుడి మైకులో తిరుప్పావై మొదలైంది. మిరపతోటకు బయల్దేరేవాళ్లు, బడి బస్సు అందుకోవాల్సిన పిల్లలు, సత్తెనపల్లికో పిడుగురాళ్లకో ఉద్యోగానికి పోయేవాళ్లు... ఇంట్లో అందరికీ ఒక్కసారే వేడినీళ్లు కావాలి. సరిగ్గా అప్పుడే గీజర్ మొరాయిస్తుంది! కుళాయి తిప్పితే టకటకమంటుంది తప్ప మంట రాదు. వచ్చినా 'ఢబ్'మని అంటుకుంటుంది. మెకానిక్ వచ్చి మూత విప్పి చూసి, 'దీని పనైపోయిందండీ, కొత్తది వేసుకోండి' అంటాడు. సాయంత్రానికల్లా కొత్త పెట్టె ఇంటికొస్తుంది. పాతదాన్ని దించి, అదే మేకుకు తగిలించి, అవే గొట్టాలు బిగిస్తారు. అంతా అరగంట పని. మర్నాటినుంచి మళ్లీ పొగలు కక్కే నీళ్లు.

ఈ హడావుడిలో ఎవరికీ తట్టని ప్రశ్న ఒకటుంది. ఇంతకీ ఆ మేకు స్నానాల గది లోపలుందా, బయటుందా?

లోపలుంటే మాత్రం, కొత్త గీజర్ కొన్నా పాత ప్రమాదాన్నే మళ్లీ గోడకు తగిలించినట్టు.

కాగు పోయి పెట్టె వచ్చె

పల్నాడు పల్లెల్లో పాత ఇళ్లకు స్నానాల గది పెరట్లో ఉండేది. దాని పక్కనే నీళ్లపొయ్యి. పొయ్యి మీద మసిబారిన కాగు. చేనునుంచి తెచ్చిన పత్తికట్టె, కందికంప పొయ్యిలోకి ఎగదోస్తే తెల్లారేసరికి నీళ్లు సలసలా కాగేవి. కాస్త కలిగినవాళ్ల ఇంట్లో రాగి బాయిలర్ ఉండేది. పొగకు కళ్లు మండేవి, నిజమే. కానీ ఆ పొగ ఆకాశంలోకి పోయేది. మంట ఎప్పుడూ ఆరుబయటే. స్నానం చేసే మనిషి మాత్రం తడికల చాటునో, గది లోపలో ఉండేవాడు.

తర్వాత గ్యాసు వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్వల పథకం సిలిండర్‌ను పల్లెల్లోకి తీసుకెళ్లాయి. ఇళ్లూ మారాయి. పెరటి గది పోయి పడకగదికి అతికించిన బాత్‌రూమ్ వచ్చింది. నాలుగు గోడలకూ నిలువెల్లా టైల్స్, పైన జానెడు వెంటిలేటర్, దానికీ అద్దం. 'ఆ మూలన ఓ గ్యాస్ గీజర్ తగిలిస్తే సరి' అనుకున్నాం. కరెంటు గీజర్ కంటే ధర తక్కువ. కరెంటు పోయినా టార్చిలైటులో వేసే పెద్ద సెల్స్ రెండుంటే చాలు, వెలుగుతుంది. కుళాయి తిప్పిన క్షణాల్లో వేడినీళ్లు. ఇంతకంటే ఏం కావాలి?

అలా పెరట్లో ఉన్న పొయ్యి మన తల పక్కకే వచ్చి కూర్చుంది. పొగ కనిపించదు కాబట్టి అది పొయ్యేనన్న సంగతి మరిచిపోయాం.

గీజర్ అన్న పేరు కూడా తమాషాగా వచ్చిందే. ఐస్‌లాండ్‌లో భూమిలోంచి ఎగజిమ్మే గీసిర్ అనే వేడినీటి ఊట ఉంది. 1868లో బెంజమిన్ వాడీ మాన్ అనే లండన్ పెయింటర్ గ్యాసుతో అప్పటికప్పుడు నీళ్లు వేడిచేసే యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆ ఊట పేరే పెట్టాడు. కాలిన వాయువులు బయటికి పోవడానికి ఆ తొలి యంత్రానికి గొట్టమే లేదు. నూటయాభై ఏళ్లు దాటినా, మన బాత్‌రూముల్లో చాలా గీజర్లు ఆ ఒక్క విషయంలో అక్కడే ఉండిపోయాయి.

పది నిమిషాల లెక్క

చిన్న పెట్టే కదా, ఏముంది అనిపిస్తుంది. ఓ చిన్న లెక్క వేసి చూద్దాం.

ఇళ్లలో వాడే గ్యాస్ గీజర్లు ఎక్కువగా నిమిషానికి 6 లీటర్లవి. అది నీటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే పదిన్నర కిలోవాట్ల శక్తి కావాలి. అంటే 2 కిలోవాట్ల కరెంటు గీజర్లు అయిదు ఒకేసారి నడిచినంత! కొంత వేడి వృథా పోతుంది కాబట్టి, గీజర్ అచ్చంగా అంత శక్తితో మండితే గంటకు సుమారు కిలో గ్యాసు కాలుతుంది. కిలో గ్యాసు పూర్తిగా కాలాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఈ లెక్కన పది నిమిషాల స్నానానికి 2 ఘనపు మీటర్ల గాలి.

ఇప్పుడు గది చూద్దాం. అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, తొమ్మిదడుగుల ఎత్తున్న బాత్‌రూములో పట్టే గాలి ఏడున్నర ఘనపు మీటర్లు. తలుపు బిగించి, వెంటిలేటర్ మూసేస్తే పది నిమిషాల్లో ఆ గదిలోని ఆక్సిజన్‌లో పావు వంతును గీజరే తినేస్తుంది. మిగిలిన దాంట్లోనే మంటా బతకాలి, మనిషీ బతకాలి.

ఇక్కడే అసలు చిక్కు. గాలి బాగా అందుతున్నప్పుడు గ్యాసు కాలి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా కాలదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గదిలో గాలి పలచబడేకొద్దీ విషం చిక్కబడుతుందన్నమాట.

వాసన రాలేదుగా!

'గ్యాసు లీకైతే వాసనొస్తుంది కదా, అప్పుడు చూసుకుందాంలే' అని చాలామంది ధైర్యం. ఆ ధైర్యమే కొంప ముంచుతుంది. వంటగ్యాసుకు సహజంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. ఆ వాసన కాలని గ్యాసుది. కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. గొట్టాలన్నీ కొత్తవే అయినా, ఎక్కడా చుక్క గ్యాసు లీక్ కాకపోయినా అది పుడుతుంది. లీకు వేరు, ఇది వేరు.

అది లోపలికెళ్లి చేసే పని కూడా దొంగదెబ్బే. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసుకెళ్లే బండి హిమోగ్లోబిన్. దానికి ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ అంటే 200 రెట్లకు పైగా ఇష్టం. ఒకసారి సీటు పట్టిందంటే ఓ పట్టాన దిగదు. మామూలు గాలి పీలిస్తే, ఒంట్లో చేరిన దాంట్లో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఈలోపు మెదడూ గుండే ఆక్సిజన్ కోసం అల్లాడతాయి.

ముందు తల దిమ్ముగా ఉంటుంది. తర్వాత తలనొప్పి, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం. వేడినీళ్లు ఎక్కువసేపు పోసుకున్నందువల్లే అనుకుంటారు. తలుపు తీయాలన్న ఆలోచన వచ్చేసరికి గడియ దాకా చెయ్యి లేవదు. ఈ విషం తెలివినీ కండబలాన్నీ ఒకేసారి దెబ్బతీస్తుంది. బయటున్నవాళ్లకు మాత్రం నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఇంకా స్నానం అవుతోందనుకుంటారు.

2023 మార్చిలో హోలీ రోజున ముంబయిలోని ఘాట్కోపర్‌లో ఒక జంట, ఢిల్లీ పక్కనున్న ఘజియాబాద్ జిల్లాలో మరో జంట రంగులు కడుక్కోవడానికి బాత్‌రూమ్‌లోకి వెళ్లి శవాలై కనిపించారు. రెండుచోట్లా పోలీసులు గ్యాస్ గీజర్‌నే అనుమానించారు. డబ్బూ హోదా ఉన్నవాళ్లనూ ఈ వాయువు వదల్లేదు. 1977లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచిన అమెరికా టెన్నిస్ ఆటగాడు వీటస్ గెరులైటిస్ 1994 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఓ మిత్రుడి అతిథిగృహంలో నిద్రలోనే చనిపోయాడు. వయసు 40. ఈతకొలను నీళ్లు వేడిచేసే హీటర్‌ను సరిగా అమర్చకపోవడంతో కార్బన్ మోనాక్సైడ్ ఆ గదిలోకి చేరింది.

ఫిట్స్ కాదు... గీజర్!

అందరూ చనిపోరు. సమయానికి తలుపు తీస్తే బతుకుతారు. కానీ బతికినవాళ్ల కథ మరో దారి పడుతుంది. స్నానాల గదిలో పడిపోయారు, కాళ్లూ చేతులూ కొట్టుకున్నారు, నోట నురగ వచ్చింది... 'మూర్ఛ' అనేస్తారు ఇంట్లోవాళ్లు. లేదంటే గుండెపోటు అంటారు. పల్లెల్లోనైతే 'గాలి సోకింది' అనేవాళ్లకీ కొదవలేదు. మన దేశంలో నరాల వైద్యులు ఇలాంటి కేసులు అనేకం చూసి, వైద్య పత్రికల్లో రాసి, దీన్ని 'గ్యాస్ గీజర్ సిండ్రోమ్' అని పిలుస్తున్నారు. బాత్‌రూములో వచ్చిన ఫిట్స్‌ను మామూలు మూర్ఛగా పొరబడి మందులు వాడించిన సందర్భాలూ ఉన్నాయి. అసలు దోషి మాత్రం గోడమీద హాయిగా వేలాడుతూనే ఉంటుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. కొందరిలో విషం ప్రభావం వెంటనే పోయినట్టే పోయి, రోజులో వారాలో గడిచాక మళ్లీ బయటపడుతుంది. మతిమరుపు, నడకలో తడబాటు, ప్రవర్తనలో మార్పు రావచ్చు. అందుకే 'కళ్లు తెరిచాడు, మజ్జిగ తాగాడు, ఇంకేం ఫర్లేదు' అని ఇంట్లో పడుకోబెట్టడం తప్పు.

ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఎవరి విషయంలో? ఎక్కువసేపు లోపలుండేవాళ్ల విషయంలో. తలంటు పోసుకునే ఆడపిల్లలు, నెమ్మదిగా స్నానం చేసే పెద్దవాళ్లు. అన్నిటికీ మించి బాలింతలు, పసిబిడ్డలు. బాలింతకు గాలి తగలకూడదని తలుపులూ కిటికీలూ బిగించి, వెంటిలేటర్‌కు గుడ్డ కుక్కి, పొగలు కక్కే నీళ్లు పోయడం మన ఇళ్లలో మామూలే. పెరట్లో నీళ్లపొయ్యి ఉన్నంతకాలం ఆ అలవాటుతో ఇలాంటి భయం లేదు. గీజర్ లోపలికొచ్చాక అదే అలవాటు ప్రాణాంతకం. కడుపులో బిడ్డకూ ఈ వాయువు తల్లికంటే ఎక్కువ చేటు చేస్తుంది కాబట్టి గర్భిణులూ జాగ్రత్తగా ఉండాలి.

సున్నపు నేల... సున్నపు నీళ్లు

గీజర్ పాడవడంలో మన నేల పాత్ర కూడా ఉంది. పల్నాడు అడుగున ఉన్నది సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నానికి పేరు వచ్చినా, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసినా ఆ రాయి చలవే. ఆ రాతి పొరల్లోంచి ఊరి వచ్చిన బోరునీళ్లలో సున్నం కరిగి ఉంటుంది. నీళ్లు చల్లగా ఉన్నంతసేపు అది కనిపించదు. కాచగానే పెచ్చుకడుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే.

గ్యాస్ గీజర్ లోపల సన్నటి రాగి గొట్టం మెలికలు తిరిగి ఉంటుంది. దానికి పల్చటి రేకుల వరసలు. కింద మంట, గొట్టంలో నీళ్లు. గొట్టం లోపల సున్నం పేరుకుంటే నీటి ధార తగ్గుతుంది, వేడి నీటికి సరిగా ఎక్కదు. లోపల కుతకుతమని చప్పుడు మొదలవుతుంది. ఇక రేకుల మధ్య మసి, దుమ్ము, సాలెగూళ్లు చేరితే కాలిన వాయువులు పైకి పోయే దారి మూసుకుపోతుంది. మంటకు గాలి అందదు. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకు తిరుగుతుంది. పసుపు మంట అంటే గ్యాసు సరిగా కాలట్లేదని అర్థం. అది ఇంకాస్త మసి చేస్తుంది, ఆ మసి ఇంకాస్త దారి మూస్తుంది.

అందుకే మనవైపు గ్యాస్ గీజర్‌ను ఏడాదికోసారి, చలికాలం మొదలయ్యేముందే విప్పి శుభ్రం చేయించాలి. వేసవంతా మూలన పడున్న గీజర్‌ను కార్తీక మాసంలో దులిపి సెల్స్ వేసి వెలిగించేయడం సరికాదు.

మార్చాలా... బాగుచేయిస్తే చాలా?

వెలగని ప్రతి గీజరూ చచ్చినట్టు కాదు. కొత్తది కొనేముందు నాలుగు సంగతులు చూడండి. సెల్స్ అయిపోయాయేమో. నీళ్లు వచ్చేచోట ఉండే చిన్న జల్లెడలో ఇసుక పట్టిందేమో. సిలిండర్ అడుగంటిందేమో. నీటి ఒత్తిడి సరిపోతోందా? నీళ్లు తగినంత జోరుగా వస్తేనే లోపలి రబ్బరు పొర కదిలి గ్యాసు వదులుతుంది. ట్యాంకు పది మీటర్ల ఎత్తునుంటే వచ్చే ఒత్తిడి ఒక బార్. ఒకే అంతస్తు ఇంటిమీద ట్యాంకు పెడితే షవర్ దగ్గరికి అందులో నాలుగో వంతైనా రాకపోవచ్చు. కొనేముందు మీ ట్యాంకు ఎత్తు చెప్పి, తక్కువ ఒత్తిడికి పనిచేసే మోడల్ అడగండి. లేదంటే కొత్తదీ పాతదానిలాగే మొరాయిస్తుంది.

సెల్స్, రబ్బరు పొర, స్విచ్చి, నిప్పురవ్వ పుట్టించే భాగం... ఇవి మార్చుకునేవే. అయితే ఇవి కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా వాడకం ఆపేయాలి:

* కుళాయి కట్టేసినా మంట ఆరకపోవడం
* శుభ్రం చేయించాక కూడా మంట పసుపుగానే ఉండటం, పెట్టె పైన నల్లటి మసి
* వెలిగేటప్పుడు 'ఢబ్'మని పేలినట్టు చప్పుడు
* లోపలి రాగి గొట్టం చిల్లుపడి మంటమీద నీళ్లు కారడం
* బర్నర్ తుప్పుపట్టడం, గ్యాసు వాసన రావడం
* స్నానం చేసినప్పుడల్లా ఇంట్లో ఎవరికో ఒకరికి తలనొప్పి, కళ్లు తిరగడం

ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. అప్పుడు గీజర్ పాతదా కొత్తదా అని చూడక్కర్లేదు. దాని చోటు మార్చాల్సిందే.

మారుస్తున్నారా... ఇలా చెయ్యండి

మొదటి సూత్రం ఒక్కటే. గీజర్ బాత్‌రూమ్ బయట ఉండాలి. పెరటి గోడకో, గాలి ఆడే వరండాలోనో, అంట్లు తోముకునే చోటో తగిలించి, వేడినీళ్లు మాత్రం గొట్టంలో లోపలికి రావాలి. 'అంతదూరంనుంచి వస్తే నీళ్లు చల్లారిపోవా?' అన్నది మామూలుగా వచ్చే అభ్యంతరం. పదడుగుల అర అంగుళం గొట్టంలో పట్టేది సుమారు అర లీటరు. అంటే మొదటి చెంబు నీళ్లు చల్లగా వస్తాయి, అంతే!

వేడినీళ్ల గొట్టానికి మామూలు పీవీసీ పనికిరాదు. వేడికి మెత్తబడుతుంది. సీపీవీసీ గొట్టమే వేయించాలి. గీజర్‌కు వాన తగలకుండా పైన చిన్న రేకు, ఈదురుగాలికి మంట ఆరిపోకుండా పక్కన అడ్డు ఉంటే చాలు. నాలుగువైపులా మూసి పెట్టెలో పెట్టినట్టు చేయకూడదు.

సిలిండర్ కూడా బయటే, నిటారుగా, నేలమట్టానికి పైనే ఉండాలి. వంటగ్యాసు గాలికంటే బరువైంది. లీకైతే కిందికి దిగి గుంటల్లో, కాల్వల్లో, నేలమాళిగల్లో చేరుతుంది. వంటపొయ్యికీ గీజర్‌కూ కలిపి ఒకే సిలిండర్‌కు 'టీ' ముక్క తగిలించి గొట్టాలు సాగదీయడం మంచిది కాదు. ఐఎస్ఐ గుర్తున్న రబ్బరు గొట్టమే వాడాలి, అయిదేళ్లకోసారి మార్చాలి. సిలిండర్ తీసుకునేటప్పుడు మెడ దగ్గరి అక్షరం కూడా చూడండి. ఏ, బీ, సీ, డీ అంటే ఏడాదిలో మూడేసి నెలల భాగాలు. పక్కనున్న అంకె ఏడాది. ఆ గడువులోగా సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలని దానర్థం.

గీజర్ కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 15558 అన్న ప్రమాణం సంఖ్య ఉన్నాయేమో చూడండి. వంటగ్యాసుతో నడిచే చిన్న గీజర్ల కోసం 2005లో వచ్చిన ప్రమాణమది. మంట ఆరిపోతే గ్యాసు తనంతట తానే ఆగిపోవాలి. చాలా మోడళ్లలో 20 నిమిషాలకు మంట ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఆపేసే సెన్సర్ ఉన్నవీ దొరుకుతాయి. అవన్నీ మంచివే. కానీ వాటిని నమ్ముకుని గీజర్‌ను లోపల పెట్టుకోకూడదు. 20 నిమిషాలంటే మూసిన గదిలో చాలా ఎక్కువ సమయం.

బిగించే రోజు ముందు రెగ్యులేటర్ కట్టేసి, సెల్స్ తీసేసి, నీళ్ల వాల్వు మూశాకే పాతదాన్ని దించాలి. కొత్తది బిగించాక ప్రతి అతుకుమీదా సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్లతో పరీక్షించడం పిచ్చిపని. మొదటిసారి పది నిమిషాలు నడిపి, మంట నీలంగా ఉందా, కుళాయి కట్టగానే ఆరుతోందా చూసి, ఆ తర్వాతే మెకానిక్‌ను పంపండి.

'ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా, గీజర్ లోపలే ఉంచుకుందాం' అనేవాళ్లూ ఉన్నారు. బయటినుంచి గాలి వచ్చే దారి లేకుండా ఫ్యాను తిప్పితే, పొగగొట్టం ఉన్న గీజర్‌లోంచి కాలిన వాయువులను అది వెనక్కి, గదిలోకే లాగగలదు. ఫ్యాను మరిచిపోయిన రోజు సంగతి సరేసరి.

గ్యాసే కావాలా?

పాత గీజర్ పోయిందంటే, ఏ పద్ధతిలో నీళ్లు కాచుకోవాలో మళ్లీ ఆలోచించుకునే అవకాశం దొరికినట్టు. ఖర్చు చూద్దాం. ఒక మనిషికి 25 లీటర్ల నీళ్లు 20 డిగ్రీలు వేడిచేయడానికి సుమారు 57 గ్రాముల గ్యాసు అవుతుంది. 14.2 కిలోల సిలిండర్ దాదాపు 250 స్నానాలకు వస్తుంది. నలుగురున్న ఇంటికి రెండు నెలలు. సిలిండర్ ధర 900 రూపాయలు అనుకుంటే స్నానానికి మూడున్నర రూపాయల పైచిలుకు. అదే కరెంటు గీజర్‌కు, వృథా కలుపుకుని 0.65 యూనిట్. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నాలుగు రూపాయల లోపే. అర్థరూపాయి కూడా తేడా లేదు! మీ కరెంటు బిల్లులో ఏ శ్లాబులో ఉన్నారో చూసుకుని ఇదే లెక్క వేసుకోండి. ఎటు మొగ్గుతుందో తెలిసిపోతుంది.

15 లీటర్ల, 2 కిలోవాట్ల కరెంటు గీజర్ పద్దెనిమిది, ఇరవై నిమిషాల్లో నీళ్లను 60 డిగ్రీలకు తెస్తుంది. చల్లనీళ్లు కలుపుకుంటే సుమారు 30 లీటర్ల గోరువెచ్చని నీళ్లు. దాంతో కార్బన్ మోనాక్సైడ్ భయం లేదు. అలాగని కళ్లు మూసుకుని తగిలించేదీ కాదు. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికంటూ ఒక ఎంసీబీ, షాక్ కొడితే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాలి. పాత ఇంట్లో ఫ్యాను లైన్‌నుంచి తీగ లాగి గీజర్‌కిస్తే ఒక ప్రమాదం పోయి మరొకటి వచ్చినట్టే. మన బోరునీళ్లకు కరెంటు గీజర్ లోపలా పెచ్చుకడుతుంది. లోపలుండే మెగ్నీషియం కడ్డీని ఏడాదికోసారి చూపించుకుని, అరిగితే మార్చాలి. బకెట్లో వేసే హీటర్ రాడ్ చవకే కానీ, పిల్లలున్న ఇంట్లో దాన్ని నమ్మలేం.

ఎండకు కొదవలేని పల్నాడులో సోలార్ హీటర్ మంచి ఆలోచనే. 100 లీటర్లది చిన్న కుటుంబానికి సరిపోతుంది. అయితే అద్దం గొట్టాలున్న రకం ఉప్పునీళ్లకు త్వరగా పెచ్చుకడుతుంది. అలాంటి నీళ్లున్నచోట హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న పలకల రకం మేలు. మొదట్లో పెట్టుబడి ఎక్కువ.

కరెంటు ఇబ్బందులున్న ఇంట్లో గ్యాసే సుఖమనిపిస్తే అదీ తప్పు కాదు. పెట్టె గోడకు అవతల ఉంటే చాలు.

అక్కడైతే చట్టమే ఒప్పుకోదు

బ్రిటన్‌లో 1998నాటి గ్యాసు భద్రతా నిబంధనల ప్రకారం స్నానాల గదిలో పెట్టే గ్యాసు పరికరం పూర్తిగా మూసి ఉన్నదై ఉండాలి. గాలిని బయటినుంచే తీసుకోవాలి, కాలిన వాయువులను బయటికే వదలాలి. గది గాలిని తాకకూడదు. గ్యాసు పని చేసే ప్రతి మెకానిక్ పేరూ అక్కడి రిజిస్టర్‌లో ఉండాలి. 2022 అక్టోబరునుంచి ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, వంట స్టవ్ కాకుండా గ్యాసుతోనో మరో ఇంధనంతోనో మండే పరికరం బిగించి ఉన్న ప్రతి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టాల్సిందే. గీజర్ పేరు పుట్టిన దేశం ఎన్నో ప్రాణాలు పోయాక నేర్చుకున్న పాఠాలివి.

ఆ రిజిస్టర్లూ తనిఖీలూ మన ఊళ్లో లేకపోవచ్చు. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం మనకూ దొరుకుతుంది. సెల్స్‌తో పనిచేస్తుంది. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, హాస్టళ్లు, లాడ్జీలు నడిపేవాళ్లు దీన్ని ఖర్చు కింద లెక్కేయకూడదు. అద్దె ఇంట్లోకి దిగేవాళ్లు నీళ్లు వస్తాయా అని అడిగినట్టే, గీజర్ ఎక్కడుందనీ అడగాలి.

ఆపద వేళ...

* బాత్‌రూములో పిలిస్తే పలకట్లేదా? ఆలోచించకుండా తలుపు తెరవండి, పగలగొట్టండి. ముందు గ్యాసు కట్టేయండి. లోపలికెళ్లేవాళ్లు ఊపిరి బిగబట్టి వెళ్లి, మనిషిని వెంటనే బయటికి లాగాలి. అక్కడే నిలబడి సపర్యలు చేస్తే రెండో ప్రాణమూ పోతుంది.

* ఆరుబయట పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం, శ్వాస అందించడం తెలిసినవాళ్లు మొదలుపెట్టాలి. స్పృహ లేనివాళ్లకు నీళ్లు పట్టకూడదు.

* ఆసుపత్రిలో మొదట చెప్పాల్సిన మాట: 'గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూములో పడిపోయారు'. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారుతుంది. పూర్తి ఆక్సిజన్ అందిస్తే ఒంట్లోని విషం సగం కావడానికి నాలుగైదు గంటలకు బదులు గంట, గంటన్నర చాలు.

* కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటర్ వేలికి పెట్టి '98 ఉంది, బాగానే ఉన్నారు' అనుకోవద్దు. రక్తంలో ఉన్నది ఆక్సిజనో కార్బన్ మోనాక్సైడో అది తేల్చలేదు. విషం నిండిన రక్తానికీ మంచి అంకే చూపిస్తుంది.

* గ్యాసు లీకైన వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, ఆర్పకుండా తలుపులు తెరిచి 1906కు ఫోన్ చేయండి. ఇరవై నాలుగు గంటలూ పలికే అత్యవసర నంబరిది.

ఈ ఏడాది చలి ముదరకముందే ఇంట్లో గీజర్ ముందు ఓ అయిదు నిమిషాలు నిలబడండి. మంట రంగు చూడండి. పైన మసి ఉందేమో తడమండి. అది వేలాడుతున్న గోడకు అటువైపు ఏముందో కనుక్కోండి. కొత్త గీజర్‌కు వేలు పోసేవాళ్లకు, గోడకు ఓ కన్నం, పదడుగుల గొట్టం, ప్లంబర్‌కు ఒక పూట కూలి పెద్ద బరువు కావు. ఈ చలికాలం చేయించాల్సిన మొదటి రిపేరు అదే.